రెండున్నర కిలోలు

పేర్లు చెప్పను. కంపెనీ పేరు, ఫ్యాక్టరీ పేరు, ఆయన పేరు, ఆయన భార్య పేరు, ఏవీ చెప్పను. నా పేరు కూడా చెప్పను. అంత ధైర్యమే నాకుంటే ఇదంతా ఇంకోలా జరిగేది, ఇన్నేళ్ల తర్వాత కూర్చుని రాసుకోవాల్సిన ఖర్మ పట్టేది కాదు.

తొంభైల మధ్యలో నేను యూనివర్సిటీలో ఎం.సి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది కోస్తాలో ఒక చిన్న ఊరు. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. మా ఇంట్లో దశాంశ బిందువు మర్చిపోతే పోయేది మార్కు కాదు, చెవి. మెలిపెట్టేసేవారు. అలాంటి ఇంట్లోంచి వచ్చి నేను చేసిన తప్పేమిటో వింటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, ఫరవాలేదు. నవ్వడం అయ్యాక మిగతాది చదవండి.

ఆఖరి ఆరు నెలలు ఏదైనా కంపెనీలో ప్రాజెక్టు చెయ్యాలి. పని బాగా చేసిందని వాళ్లు సర్టిఫికెట్ రాసిస్తేనే డిగ్రీ చేతికొస్తుంది. నెల రోజులు చెప్పులరిగేలా తిరిగితే తార్నాకలో, ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ పైన, రెండు గదుల కంపెనీ దొరికింది. కింద నుంచి పొద్దస్తమానం టకటకలు వినిపించేవి. యజమాని బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చినాయన. ఆయన్ని సారు అనే అంటాను. నాతో కలిపి అయిదుగురు మనుషులం, మూడు కంప్యూటర్లు. ఒక ప్రోగ్రాములో ఉన్న అంకెల్ని ఇంకో ప్రోగ్రాములోకి చెయ్యి పెట్టకుండా ఎక్కించడం మా పని. ఇవాళ పిల్లలు దీనికి పెద్ద పెద్ద పేర్లు పెట్టారు గానీ, అప్పుడు మేం ‘పోత’ అనేవాళ్లం.

ఈ పోతలో మమ్మల్ని ఏడిపించింది కామా. మనవాళ్లు అంకెల మధ్య కామా ఒక పద్ధతిలో పెట్టరు. లక్షా పాతిక వేలని ఒకాయన 1,25,000 అని కొడతాడు. ఇంగ్లీషు కంపెనీలో పనిచేసి వచ్చినాయన 125,000 అంటాడు. సికింద్రాబాద్‌లో ఒక గుమాస్తాగారైతే ఊపిరి తీసుకున్న చోటల్లా కామా పెట్టేవారు. మా ప్రోగ్రాము కామా తగలగానే అక్కడే ఆగిపోయేది. లక్షా పాతిక వేలు కాస్తా ఒకటై కూర్చునేది. అందుకని నేను పదిహేను లైన్లలో ఒక చిన్న ముక్క రాశాను. ఏ ఫైలు వచ్చినా ముందు దాని గుండా పోవాలి. అంకెల మధ్య కామా కనిపిస్తే తీసి పారెయ్యడమే దాని పని. సారు దానికి ‘కత్తెర’ అని పేరు పెట్టారు. ఏ కొత్త పని వచ్చినా మొదటి ప్రశ్న, “కత్తెర వేశావా అమ్మా?” అనే. అబ్బో, ఆ పదిహేను లైన్లు చూసుకుని నేను పడ్డ మురిపెం అంతా ఇంతా కాదు!

అప్పుడు నాచారం వైపు మందుల పొడి తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి పని వచ్చింది. వాళ్లు జర్మనీలో ఎవరో వాడి వదిలేసిన తూకం మిషన్ ఒకటి కొన్నారు. అది తూచిన ప్రతి బరువునీ ఫ్లాపీ మీద రాసిపెడుతుంది. ఆ ఫ్లాపీలో అంకెలు ఆఫీసులో ఉన్న స్టాకు ప్రోగ్రాములోకి పోవాలి. “ఇదే నీ ప్రాజెక్టు” అన్నారు సారు.

మొదటిసారి వెళ్లినరోజు స్టోర్‌లో ఆయన కనిపించారు. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో పొడుగాటి నోటుబుక్కు. ఇరవై ఏళ్లుగా అక్కడ తూకం ఆయన చేతి మీదే నడుస్తోంది. మా వైపు అలవాటుగా “బాబాయ్ గారూ” అన్నాను.

“బాబాయ్ ఏంది బిడ్డా, సినిమాల లెక్క! కాక అను, మంచిగుంటది.”

ఆ నోటుబుక్కు తెరిచి చూస్తే ఒక్క అంకె లేదు. తారీఖు పక్కన బరువులన్నీ అక్షరాల్లో ఉన్నాయి. యాభై, ముప్ఫై, ఏడున్నర. గుండ్రటి తెలుగు రాత.

“అంకెలు వెయ్యొచ్చు కదా కాకా, ఇంత రాత ఎందుకు?”

“అంకె మీద ఈగ వాల్తే లెక్క మారుతది బిడ్డా. అక్షరం మీద ఎద్దు నడిచినా మారది.”

వాళ్ల నాన్న ఊళ్లో పత్తి తూచేవాడట. ఒకసారి చుక్క ఎక్కడుందో తేలక పంచాయితీ అయ్యి, పదిమందిలో మాట పడ్డాడట. అప్పటినుంచి వాళ్లింట్లో తూకం అక్షరాలా రాయాల్సిందేనట. ఆఫీసు రిజిస్టర్లో ఆఫీసుకు కావలసినట్టు అంకెలు వేసి, తన బుక్కులో తన పద్ధతిలో రాసుకునేవారు. నేను లోపల నవ్వుకున్నాను. కంప్యూటర్ చదివినదాన్ని కదా.

ప్రోగ్రాము సిద్ధమయ్యాక పరీక్ష మొదలైంది. నిండు డ్రమ్ములు వరసగా తూచాం, ఒక్కొక్కటి యాభై కిలోలు. కంప్యూటర్లోనూ యాభై. నన్ను మిషన్ మీద నిలబెట్టారు, నలభై ఆరు. ఆయన నిలబడ్డారు, యాభై ఎనిమిది. ఫ్లాపీ పెట్టి చూస్తే అచ్చు అవే అంకెలు. సంబరంగా సామాను సర్దుకుంటుంటే ఆయన తన టిఫిన్ డబ్బా ఎత్తి చూపించారు.

“జర గీ డబ్బ గూడ పెట్టి సూద్దమా బిడ్డా? చిన్న తూకం గూడ సూస్తే మంచిది.”

“వద్దు కాకా, మీ అన్నం స్టాకులో కలిసిపోతుంది!” అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి డబ్బా పక్కన పెట్టుకున్నారు.

ఆ డబ్బా ఏ కిలోన్నరో ఉండి ఉంటుంది. దాన్ని ఆ రోజు మిషన్ మీద పెట్టి ఉంటే అంతా అక్కడికక్కడే బయటపడిపోయేది. దేవుడు నోటిదాకా తెచ్చి పెడితే నేను నవ్వి తోసేశాను.

వెళ్లేటప్పుడు ఎక్కడుంటావని అడిగారు. క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్ అన్నాను. ఆయన మొహం వెలిగింది. “మా ఆమె మీ మెస్సులనే పనిజేస్తది! మేముండేది మాణికేశ్వర్ నగర్‌ల. క్యాంపస్ గోడ సందులకెల్లి వస్తది, అయిదు నిమిషాలు.” మర్నాడు మధ్యాహ్నం ప్లేటు పట్టుకుని వరసలో నిలబడితే పప్పు వడ్డించే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “నువ్వేనా అమ్మా, కంప్యూటర్ బిడ్డవు?” అంది. అప్పడం ఒకటి వేసి, పక్కకి చూసి, ఇంకోటి వేసింది. హాస్టల్ మెస్సులో రెండో అప్పడం అంటే మాటలు కాదు. అప్పటినుంచి రోజూ నాకు రెండు.

ఫ్యాక్టరీ గురించి నాకు తెలియనిది ఒకటుంది. తెలియనిది కాదు, నేను అడగనిది. స్టోర్ నుంచి పొడి బయటికి పోయేటప్పుడు నిండు డ్రమ్ముల్లోనే పోతుంది. కలిపే చోట వాడగా అడుగున మిగిలింది మళ్లీ స్టోర్‌కి వస్తుంది. దాన్ని తూచి స్టాకులో తిరిగి కలుపుకోవాలి. ఆ మిగులు ఎప్పుడూ అయిదు కిలోల లోపే. ఒకరోజు మూడు, ఒకరోజు రెండున్నర, ఒకరోజు ఒకటిన్నర. పరీక్ష రోజున మేం తూచినవన్నీ నిండు అంకెలు. సగాలు ఒక్కటీ లేవు.

మూడు నెలలు గడిచాయి. కంప్యూటర్ వచ్చిందని ఫ్యాక్టరీలో ఆఫీసు రిజిస్టర్ రాయడం ఆపేశారు. ఒక ఆదివారం తార్నాకలో చర్చి నుంచి వచ్చి భోజనానికి వరసలో నిలబడ్డాను. పప్పు దగ్గర ఆవిడ మొహం పీక్కుపోయి ఉంది.

“అమ్మా, జర ఒకటి అడుగుత, చెప్తవా? మా ఆయన స్టోర్‌ల మందు పొడి మూడు నూర్ల కిలోలు తక్కువొచ్చిందంట. లెక్కల ఉన్నంత స్టోర్‌ల లేదంట. ఈయనే అమ్ముకున్నడంటున్నరు. నౌకరిల నుంచి ఆపిండ్రు. పదిదినాలల్ల ఎంక్వైరీ ఉన్నది. ఇరవై ఏండ్లల్ల ఒక్క మాట రాలే అమ్మా ఆయన మీద. కంప్యూటర్‌ల చూసిండ్రంట. కంప్యూటర్ తప్పు చెప్తదా?”

మొదటి సెమిస్టర్ మొదటి క్లాసులో మాకు నేర్పిన పాఠం అది. గొంతు కూడా క్లాసులో గొంతే వచ్చింది నాకు. “కంప్యూటర్ దానంతటది తప్పు చెప్పదక్కా. మనిషి తప్పు ఇస్తేనే అది తప్పు చెప్తుంది.” నా వెనక అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలలు ఊపారు. రొట్టెలు కాల్చే వాళ్లు కూడా పని ఆపి విన్నారు.

ఆవిడ గరిటె పప్పులోనే ఆగింది. “మనిషేనా?”

“మనిషే.”

నేను చెప్పింది అక్షరాలా నిజం. ఆ మనిషి ఎవరో ఆవిడ అప్పుడే నిర్ణయించుకుంది. ఆ మనిషిని నేనే అయి ఉండొచ్చని నాకు తట్టనైనా లేదు. రెండు అప్పడాలూ తిని గదికి పోయి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఆయన హాస్టల్ గేటు దగ్గరికి వచ్చారు. చంకలో అదే నోటుబుక్కు. గేటు ముందు సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ప్రాజెక్టు రిపోర్టు కోసం తీసుకున్న ప్రింటు కాగితాలు నా సంచీలో ఉన్నాయి.

“గా మేనేజర్‌కు గీ బుక్కు సూపిస్తే ‘తెలుగుల రాసుకున్న బుక్కు ఏం జేస్కుంట’ అన్నడు బిడ్డా. నువ్వు సదువుకున్నదానివి. నీ కాయితం, నా బుక్కు కలిపి సూడు. నా తప్పుంటే చెప్పు, ఒప్పుకుంట.”

తారీఖు తారీఖు కలుపుతూ వచ్చాం. డ్రమ్ములన్నీ సరిపోయాయి. తర్వాత తిరిగొచ్చిన మిగుళ్లు.

“మూడు” అని చదివారు ఆయన. నా కాగితంలో 3.

“రెండున్నర.” నా కాగితంలో 25.

“ఒకటిన్నర.” 15.

“నాలుగు.” 4.

“రెండున్నర.” 25.

నేను కాగితం మీద వేలు ఆపాను. “కాకా, మిషన్ మీద రెండున్నర ఎలా కనిపిస్తుంది? రాసి చూపించండి.”

ఆయన పెన్ను తీసి, జీవితంలో మొదటిసారేమో ఆ బుక్కులో అంకెలు వేశారు. “గీడ రెండు. గీడ చుక్క. చుక్కకు కిందికి గింత తోక ఉంటది. గీడ అయిదు. పరదేశపోళ్ల మిషన్ గదా, చుక్క గట్ల తోకతోని పెడతరేమో అనుకున్న. నాకు సమజయింది గద, ఇగ ఎవల్నేమడుగుత?”

అది చుక్క కాదు, కామా. మనం దశాంశ బిందువు పెట్టే చోట జర్మనీలో కామా పెడతారు. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో మొదటి బొమ్మలోనే అలా ఉంది. నేను అచ్చుతప్పు అనుకుని పేజీ తిప్పేశాను. మిషన్ 2,5 అని రాసింది. నా కత్తెర కామా తీసి పారేసింది. ఇరవై అయిదైంది. యాభై కిలోల డ్రమ్ములోంచి ఇరవై అయిదు మిగలడం వింతేమీ కాదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. రెండున్నర తిరిగొచ్చినప్పుడల్లా, ఈ భూమ్మీద ఎక్కడా లేని ఇరవై రెండున్నర కిలోల పొడి కంప్యూటర్లో పుట్టింది. పుట్టని పొడి స్టోర్‌లో లేదని ఈయన్ని దొంగ అన్నారు.

“ఏమన్న తెలిసిందా బిడ్డా?”

“ఆఫీసుకెళ్లి చూసి చెప్తాను కాకా” అన్నాను.

ఆ మాటే నన్ను ఇప్పటికీ తినేస్తుంది. తెలిసింది అనడానికి ఒక్క ఊపిరి చాలు. అనలేదు. భయం వేసింది, అంతే. దానికి ఇంకో పేరు లేదు.

ఆఫీసుకి పరిగెత్తి సారుకి చెప్పాను. ఆయన తిట్టలేదు, అరవలేదు. తలుపు దగ్గరగా వేసి కూర్చోమన్నారు.

“చూడమ్మా, ముందు అది సరిచెయ్. ఇవాళే. చెప్పడం సంగతి నేను చూసుకుంటాను. ఎంక్వైరీలోపు మేనేజర్‌తో నేనే మాట్లాడతాను. నువ్వెళ్లి తప్పు మాదే అని అన్నావనుకో, ఈ ఒక్క ఫ్యాక్టరీతో ఆగదు. కత్తెర వేసిన ప్రతిచోటా ఫైళ్లు తిరగేస్తారు. కంపెనీ మూసుకోవడమే. అప్పుడు నీ సర్టిఫికెట్ మీద నన్నేం రాయమంటావు?”

నేను తలూపాను.

సరిచెయ్యడానికి పట్టింది రెండు లైన్లు. ఈ మిషన్ ఫైల్లో కామాని తీసెయ్యకుండా దాని చోట చుక్క పెట్టమన్నాను. మధ్యాహ్నానికి కొత్త ఫ్లాపీ ఫ్యాక్టరీకి పోయింది. దాని మీద అంటించిన చీటీలో సారు ‘చిన్న మార్పు’ అని రాశారు.

రోజూ పొద్దున్నే అడిగేదాన్ని, “మాట్లాడారా సార్?” అని. “మాట్లాడతానమ్మా” అనేవారు. అయిదో రోజు నుంచి అడగడం మానేశాను. కాకా హాస్టల్ గేటు దగ్గరికి మళ్లీ రెండుసార్లు వచ్చారు. వాచ్‌మన్ వచ్చి చెబితే, లేనని చెప్పించాను. రెండోసారి పై అంతస్తు కిటికీలోంచి చూశాను. బెంచీ మీద చాలాసేపు కూర్చుని, బుక్కు చంకలో పెట్టుకుని, గోడ సందు వైపు నడిచి వెళ్లిపోయారు. ఆ వారం మెస్సుకి కూడా ఆలస్యంగా, ఆవిడ షిఫ్టు అయ్యాక వెళ్లేదాన్ని.

ఆదివారం చర్చిలో కూర్చున్నాను. అబద్ధ సాక్ష్యం గురించి ఆజ్ఞ నాకు ఆరేళ్లప్పటి నుంచి కంఠతా వచ్చు. నేను అబద్ధ సాక్ష్యం ఏమీ చెప్పలేదు కదా, అసలు సాక్ష్యమే చెప్పలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. ఛీ.

ఎంక్వైరీ రోజున నేను క్యాంపస్‌లో, మా డిపార్ట్‌మెంటు ల్యాబులో కూర్చుని ప్రాజెక్టు రిపోర్టులో ‘ఫలితాలు’ అనే అధ్యాయం రాస్తున్నాను. తూకం మిషన్ అంకెలు పొరపాటు లేకుండా స్టాకు ప్రోగ్రాములోకి చేరుతున్నాయని రాశాను. ఆ రోజుకి అది నిజమే. ఆ రోజు సాయంత్రానికి ఆయన ఉద్యోగం పోయింది. పోలీసు కేసు పెట్టకుండా వదిలెయ్యడమే దయ అన్నారట. పోయిన పొడి పోయిందని రాసేసి, స్టోర్‌కి కొత్త మనిషిని పెట్టి, లెక్క మొదటి నుంచి మొదలుపెట్టారు.

నెల తర్వాత మళ్లీ స్టోర్‌లో లెక్క చూశారు. కిలో తేడా లేకుండా సరిపోయింది. సరిపోదూ మరి! నేను సరిచేశాను కదా. ఆ పూట ఫ్యాక్టరీ మేనేజర్ మా సారుకి ఫోన్ చేశాడు. సారు ఫోన్ పెట్టేసి, నా వైపు చూడకుండా, చిన్నగా నవ్వారు.

“ఆ మనిషి పోగానే లెక్క సరిపోయిందట. ఇంకేం అనుమానం అక్కర్లేదు, వాడే అంటున్నారు.”

నేను చేసిన మరమ్మతే ఆయన మీద సాక్ష్యమైంది. ఎంక్వైరీలో ఎవరూ నిరూపించలేనిది నా రెండు లైన్లు నిరూపించాయి. సారు ఆ పూటే నా సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు. నేను థ్యాంక్స్ చెప్పి, మడత పడకుండా పుస్తకంలో పెట్టుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. పరీక్షలయ్యాయి. హాస్టల్ ఖాళీ చెయ్యాలి, సాయంత్రం సికింద్రాబాద్ నుంచి బండి. గదిలో ప్రాజెక్టు ప్రింటు కాగితాలు అట్టపెట్టె నిండా పేరుకుపోయి ఉన్నాయి. ఎందుకు మోసుకుపోవడమని తార్నాకలో పాత పేపర్ల దుకాణానికి తీసుకెళ్లాను. లోపల గుట్టల మధ్య తరాజు పట్టుకుని ఒకాయన కూర్చుని ఉన్నారు. ఖాకీ చొక్కా లేదు, బనీను మీద ఉన్నారు. అయినా చెయ్యి చూస్తే గుర్తుపట్టాను. అంత నిలకడగా తరాజు పట్టుకునే చెయ్యి ఇంకెవరిది?

“ఏంది బిడ్డా, ఎన్ని దినాలాయె! మంచిగున్నవా? సదువు ఖతమయిందా?”

అయిందన్నాను. ఆయన నా కాగితాలు తూచారు. ముల్లు మధ్యకి వచ్చి ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూశారు. “మూడున్నర” అన్నారు. తర్వాత, కట్ట కడుతూ, నన్ను చూడకుండానే మాట్లాడారు.

“నేను పోయినంక గాడ లెక్క సరిపోయిందంట గదా?”

నేను ఖాళీ అట్టపెట్టె మడత పెట్టడం మొదలుపెట్టాను.

“గది ఇన్నంక నాకు గూడ మనసు నిలవట్లే బిడ్డా. నా చేతనే ఏమన్న అయిందేమో. వయసు మీదవడ్డది, యాడనో తప్పు సూసి తప్పు రాసిన్నేమో. లేకుంటే నేను పోంగనే ఎట్ల సరిపోతది? దొంగతనమైతే చెయ్యలే, దేవుని మీద ఒట్టు. గని తప్పు జేసిన్నేమో. గా బుక్కు గూడ మొన్న గీ తూకంలనే ఏసిన. ఇగ ఎందుకది?” తాడు పళ్లతో కొరికి తెంపారు. “మా ఆమె అయితే నాతోని సక్కగ మాట్లాడతలేదు. ‘కంప్యూటర్ సదివిన పిల్లనే చెప్పింది, తప్పు మనిషిదే ఉంటదని’ అంటది. ఆమెనేమంట? నాకే నా మీద నమ్మకం లేదిప్పుడు.”

ఉద్యోగం పోతే మనిషి ఇంకోటి వెతుక్కుంటాడు. ఇరవై ఏళ్లు తూకం పట్టిన మనిషికి తన చేతి మీదే అనుమానం వచ్చేలా చేశాను నేను. అప్పుడు నోరు తెరిచాను. కామా, కత్తెర, రెండున్నర, ఇరవై అయిదు, అన్నీ చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. తప్పు నాదని, ఆయన బుక్కులో ప్రతి అక్షరం సరైనదేనని చెప్పాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నారు. మొదట మొహంలో ఏదో వెలుగొచ్చింది, తప్పిపోయిన మనిషి ఇంటికొచ్చినట్టు. “అంటే రెండున్నర రెండున్నరనే!” అన్నారు. ఆ వెలుగు ఎంతోసేపు లేదు.

“నీకెప్పుడు తెలిసింది బిడ్డా?”

“మీరు హాస్టల్‌కి బుక్కు తెచ్చిన రోజే.”

“నా పక్కన కూసున్నప్పుడేనా?”

“అప్పుడే కాకా.”

ఆయన వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతూ లెక్కపెట్టారు. తూకం మనిషి కదా, లెక్క తేల్చకుండా ఉండలేరు. “సోమవారం వచ్చిన. ఎంక్వైరీ మల్ల బుధవారం. అంటే తొమ్మిది దినాలు” అన్నారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. గల్లాలోంచి నా కాగితాల డబ్బులు తీసి, నా చేతిలో పెట్టారు.

“మూడున్నరకు. లెక్క సూస్కో బిడ్డా.”

“సరిపోయింది కాకా” అన్నాను. నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

దుకాణం మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచారు. “కంపెనీకి ఇగ నేను పోను. గని మా ఆమెకు ఒక మాట జెప్పు. నేను జెప్తే నమ్మది. నువ్వు జెప్తే నమ్ముతది.”

సరాసరి మెస్సుకి వెళ్లాను. అదే వరస, అదే పప్పు గిన్నె. ఆవిడ నన్ను చూసి నవ్వింది. ఇవాళే పోతున్నావంట గదమ్మా అంటూ అన్నం పెట్టింది, పప్పు పోసింది. నేను బల్ల మీదికి వంగి, ఆవిడకి మాత్రమే వినపడేలా మొత్తం చెప్పాను. కాకా తప్పేమీ లేదు, తప్పు నేను రాసిన దాంట్లో ఉంది, ఆయన బుక్కే నిజం.

ఆవిడ గరిటె కింద పెట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ కింద పడలేదు.

“గా దినం పదిమంది ముంగట జెప్పినవ్ గదమ్మా. కంప్యూటర్ తప్పు చెప్పది, మనిషే అని. రొట్టెలు జేసేటోళ్లు ఇన్నరు, గిన్నెలు తోమేటోళ్లు ఇన్నరు. గప్పటి సంది మా బస్తీల అందరు మమ్ముల్ని దొంగలోళ్లంటున్నరు. ఇప్పుడెందుకు గింత సన్నగ జెప్తున్నవ్? గది గట్ల జెప్పినవ్ గద, గిది గూడ గట్లనే జెప్పు. గట్టిగ. గా పొయ్యిల దాక ఇనవడాలె.”

పొయ్యిల దగ్గర నలుగురు ఆడవాళ్లు మా వైపే చూస్తున్నారు. నా వెనక ప్లేట్లు పట్టుకుని అమ్మాయిల వరస గుమ్మం దాకా ఉంది. అందులో మా క్లాసు వాళ్లున్నారు. ఎవరో “జరగండి మేడం, లేటవుతోంది” అన్నారు. ఆవిడ నా మొహంలోకే చూస్తూ నిలబడింది.

నేను ప్లేటు పట్టుకుని ముందుకు జరిగాను.

మూల బల్ల దగ్గర కూర్చున్నాక చూసుకున్నాను. ప్లేటులో రెండు అప్పడాలున్నాయి. నేను మాట మొదలుపెట్టకముందే వేసేసింది.